దాచిన వాపు

తుంటి కీలు మార్పిడి జరిగిన మూడో వారంలో మా కుడి కాలు వాచింది. కొంత వాపు సహజమేనని, పడుకొని కాలిని ఎత్తులో ఉంచితే తగ్గుతుందని వైద్యులు ముందే చెప్పారు. కానీ ఇది తెల్లవారినా తగ్గలేదు. పిక్క గట్టిపడి, వేడెక్కి, నొప్పి పెట్టింది. సహనం వహిస్తున్నామనుకొని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మగ్రిబ్ వేళ వుజూ కోసం మా పాదాలపై నీళ్ళు పోస్తూ మా అబ్బాయి చూశాడు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సిరలో రక్తం గడ్డకట్టిందని స్కానింగులో తేలింది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమే!

చికిత్స చేయించుకోమన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాం. మా కాలి దగ్గరికి వచ్చేసరికి మౌనాన్నే సహనమనుకున్నాం.

అల్‌హందులిల్లాహ్, మందులతో వాపు తగ్గుతోంది. ఇషా తర్వాత అబ్బాయి టేపుతో పిక్క కొలుస్తాడు. మేము మారుమాట లేకుండా కాలు చాపుతాం.