దుగ్గిరాలలో ఒక ‘బుస’ కొలత

దుగ్గిరాల అనగానే పసుపు యార్డు, కాలువ లాకులు గుర్తొస్తాయి. నేను వెళ్లింది ఒక హామ్ రేడియో మాస్టారి ఇంటికి. రిటైరయ్యాక మేడమీది గదిని వర్క్‌షాపుగా మార్చుకున్నారు. బల్లమీద సోల్డరింగ్ ఐరన్, పాత లాప్‌టాప్, రాగి బోర్డు ముక్కలు అతికించి చేసిన డబ్బాలు.

"ముందు వినండి" అంటూ 40 మీటర్ల బ్యాండు పెట్టారు. ఇక్కడ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ హామ్‌లది, ఆపైన ప్రసార కేంద్రాలది. 2009 మార్చిలో అవి 7.2 పైకి జరిగాయి గానీ పొద్దుగూకితే వాటి బలం ఇంకా అదే. 7.19 దగ్గర ఎవరి మాటో బుసలో మునిగిపోతోంది. మాస్టారు రిసీవర్‌కు వేరే ఆసిలేటర్ (ట్యూనింగ్‌కు కావాల్సిన తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) తగిలించారు. బుస తగ్గింది, మాట బయటపడింది.

అంటే ఆ బుసలో చాలాభాగం రిసీవర్‌లోనే పుట్టింది. యార్డులో కాటా ముల్లు నిలిచినట్టే కనిపిస్తూ సన్నగా వణికినట్టు, ఆసిలేటర్ కూడా వణుకుతుంది. అదే ఫేజ్ నాయిస్. పక్కనున్న బలమైన స్టేషన్ ఆ వణుకుతో కలిసి మనం వినే చోట బుసగా దిగుతుంది. ఆసిలేటర్‌లోని రెజొనేటర్ నాణ్యత పెరిగేకొద్దీ ఈ వణుకు తగ్గుతుందని 1966లోనే డేవిడ్ లీసన్ సూత్రం చెప్పింది. కాయిల్ కన్నా క్వార్ట్జ్ మేలనేది అందుకే.

కొలిచే పద్ధతి నాకు బాగా నచ్చింది. బ్యాటరీ మీద నడిచే 7 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్‌ను సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ గుండా రిసీవర్‌కు ఇస్తారు. ముందు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీకే ట్యూన్ చేసి, స్పీకర్‌కు వచ్చే పవర్ రెట్టింపయ్యే అటెన్యుయేషన్ రాసుకుంటారు. తర్వాత 10 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగి, బుస రెట్టింపయ్యే దాకా అటెన్యుయేషన్ తగ్గిస్తారు. రెట్టింపును లాప్‌టాప్ సౌండ్‌కార్డే చెబుతుంది. రెండు అంకెల తేడా 100 డెసిబెల్స్ వచ్చిందనుకోండి. ఫిల్టర్ వెడల్పు 500 హెర్ట్జ్ గనక దానికి 27 కలపాలి. ఫేజ్ నాయిస్ హెర్ట్జ్‌కు మైనస్ 127 డెసిబెల్స్. ఎన్ని వాట్లో తెలియాల్సిన పనే లేదు!

అసలు కష్టమంతా అటెన్యుయేటర్‌లోనే ఉంది. అందులో 20 డెసిబెల్స్ తగ్గించే ఒక్కో గదికి 61, 248 ఓమ్‌ల రెసిస్టర్లు చాలు. కానీ గదుల మధ్య రాగి గోడలు లేకపోతే సిగ్నల్ పక్కదారిన దూకి లెక్క చెడగొడుతుంది. ఇంకో చిక్కు, వచ్చే అంకెలో రెండు ఆసిలేటర్ల వణుకూ కలిసి ఉంటుంది. పరీక్షకు పెట్టింది శుభ్రమైనదైతేనే ఫలితం నమ్మాలి.

హైదరాబాద్ హామ్ అషర్ ఫర్హాన్ 2003లో బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్‌కు కుళాయి వాషర్ల మీద కాయిల్స్ చుట్టి చూపించారు. ఈ బల్ల కూడా ఆ కోవలోదే. సొంతంగా రిసీవర్ కట్టుకునేవాళ్లు కొత్త రేడియోకు డబ్బు పోగుచేసే ముందు ఈ కొలత ఒకసారి చేసి చూడండి. రిసీవర్ బలాన్ని తనంతట తానే సర్దే ఏజీసీని ఆపడం మాత్రం మరవకండి, అది ఆన్‌లో ఉంటే అంకెలన్నీ తప్పే.