ద్రాక్షతోటల నాటి కాగితాలు

శంషాబాద్ చుట్టూ ద్రాక్షపందిళ్లుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మొదట అనాబ్-ఎ-షాహీ రకం, తరవాత థామ్సన్ సీడ్‌లెస్. వాటి మీద పరిశోధన తలపెట్టిన మాకు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం లైబ్రరీలోనే పొద్దుగూకేది.

ముందు హార్టికల్చరల్ అబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు తిరగేసేవాళ్లం. ఎక్కడో అచ్చయిన వ్యాసం సంగతి నాలుగైదు వాక్యాల్లో ఉండేది. అది ఆకలి పుట్టిస్తుందే కానీ తీర్చదు. అసలు వ్యాసం కావాలంటే రచయితకే కార్డు రాయాలి. నెలల తరవాత రీప్రింట్ వచ్చేది, ఒక్కోసారి ఆయన సంతకంతో. లేదంటే ఢిల్లీలోని శాస్త్ర సమాచార కేంద్రం ఇన్‌స్‌డాక్‌కు డబ్బు కట్టి జెరాక్స్ తెప్పించుకోవాలి. 1952లో పెట్టిన ఆ సంస్థ 2002లో మరో సంస్థతో కలిసి నిస్కేర్‌గా మారింది. స్టాంపు అంటించే ముందు ఈ వ్యాసం నిజంగా అవసరమా అని ఆలోచించేవాళ్లం. ఇప్పుడు వంద పీడీఎఫ్‌లు దించుకుని ఒక్కటీ చదవనివాళ్లను చూస్తున్నాను.

పాఠ్యపుస్తకాలు దారి చూపేవి, అంతే. గిల్టు అక్షరాల అట్టలతో ఉండే సీనియర్ల థీసిస్‌లు వేరు. జర్నల్‌కెక్కని పట్టికలు, ఫలించని ప్రయోగాలు వాటిలోనే దొరికేవి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పాత పహాణీ. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారు, బావి కిందా, వర్షాధారమా అన్నదంతా ఊరి లెక్కలు రాసే పట్వారీ చేతిరాతలో ఉండేది. అది శాస్త్రం కోసం రాసింది కాదు, శిస్తు కోసం రాసింది. పొలం గట్టు తొక్కకుండా నిరుటి పంటనే మళ్లీ ఎక్కించిన పట్వారీలూ లేకపోలేదు. అందుకే దాన్ని పట్టుకుని రైతు దగ్గరికి పోయేవాళ్లం. ఆయనకు సంవత్సరం గుర్తుండదు. "మా బాయి ఎండిన సాలు, సారూ" అనేవాడు. ఆ ఎండిన సాలు ఏదో వానల లెక్కల్లో వెతికి, అప్పుడు థీసిస్ పట్టికతో సరిచూసుకునేవాళ్లం. ఇవన్నీ కలిస్తేనే ఒక వాక్యం రాసే ధైర్యం వచ్చేది.

పటేల్ పట్వారీ వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. 2008 మార్చిలో శంషాబాద్‌లోని సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయంలో విమానాలు దిగసాగాయి. చుట్టుపక్కల తోటలు ప్లాట్లయ్యాయి. ఏ తోట ఎక్కడుండేదో చెప్పే సాక్ష్యం ఇక కాగితాలదే. శంషాబాద్, మహేశ్వరం వైపు మీ ఇళ్లల్లో పాత పహాణీ నకలో, తాత రాసుకున్న తోట లెక్కల పుస్తకమో ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి. ముందు ఒక పరిశోధక విద్యార్థికి చూపించండి.