హైస్కూలు రిజిస్టరులో మన పిల్లలు



వేసవి సెలవులు ముగిసి జూన్ నెలలో బడులు తెరిచే వారము మా సంఘములో పిల్లల కొరకు ప్రత్యేక ప్రార్థన జరుగుతుంది. పిల్లలు కొత్త పుస్తకములు, సంచులు పట్టుకొని బల్ల ముందుకు వస్తారు. ప్రార్థన అయిన తరువాత తల్లిదండ్రులను మేము ఒక మాట అడుగుతాము: "హైస్కూలు రిజిస్టరులో మీ బిడ్డను గురించి ఏమి వ్రాసియున్నదో చూచారా?" చాలామంది చూచియుండరు. ఆరో తరగతిలో చేర్చిన దినమున ఎవరో వ్రాశారు, వీరు వేలిముద్ర వేసి వచ్చారు, అంతే.

ఉదయగిరిలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1885లోను, ఆత్మకూరులో 1893లోను కేంద్రములు తెరిచినది. 1840లో సామ్యూల్ డే దొరగారు నెల్లూరు వచ్చి మొదలుపెట్టిన పనికి ఇవి కొమ్మలు. మిషను ఉన్నచోట గుడితో పాటు బడి కూడా ఉండేది. మన తాతముత్తాతలు అక్షరములు నేర్చినది ఎక్కువగా ఆ బడులలోనే. అప్పుడు మన పిల్లల పేర్లు వ్రాసినవారు మన ఉపదేశకులే గనుక ఎవరి బిడ్డ ఎవరో వారికి తెలుసు. తరువాత కాలము మారినది. జిల్లా బోర్డు నడిపిన హైస్కూళ్లు 1959లో జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. మిషను హాస్టళ్లు సన్నగిల్లాయి. ఇప్పుడు మన మెట్ట ప్రాంతపు సంఘముల పిల్లలు ఎక్కువమంది జడ్పీ హైస్కూలుకే పోవుచున్నారు.

కొందరు ఈ మాట చెప్పుటకు సిగ్గుపడతారు. "ఏం చేస్తామయ్యగారూ, కాన్వెంటుకు కట్టలేక" అంటారు. సిగ్గుపడనక్కరలేదు. జడ్పీ బడిలో పాఠము చెప్పే అయ్యవార్లు డీఎస్సీ పరీక్ష నెగ్గి వచ్చినవారు. మెడకు టై కట్టినంత మాత్రాన లెక్కలు రావు. రెండు పొట్టేళ్లను అమ్మి ఫీజు కట్టి, మూడో సంవత్సరము పొట్టేళ్లూ లేక ఫీజూ లేక పిల్లవానిని మాన్పించిన ఇండ్లు మేము ఎరుగుదుము.

పైగా ఉదయగిరి వంటి ఊరిలో అందరూ కలిసి కూర్చునే చోటు ఆ హైస్కూలు ఒక్కటే. దుర్గము కింద చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబములు ఉన్నాయి. ఆ పనికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ ఇండ్ల ముస్లిము పిల్లలు, రైతుల పిల్లలు, యానాదుల పిల్లలు, మన పాలెముల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాఠము వింటారు. మధ్యాహ్నము ఒకే వరుసలో అన్నము తింటారు. ఊరిలో ఏ విందులో ఇది జరుగుతుందో మీరే చెప్పండి.

దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు చదివినది కూడా రాజుగారి బడిలోనే. అక్కడ వారికి పరాయి భాష నేర్పారు, పేర్లు మార్చి వ్రాశారు. దానియేలు ఆ చదువు వద్దనలేదు. బబులోను వారు పెట్టిన పేరు కూడా అతనికి అడ్డు కాలేదు. కాబట్టి రిజిస్టరులో "పెంచలయ్య" అని ఉండి, బాప్తిస్మమప్పుడు "యేసురత్నము" అని పెట్టినందుకు ఎవరూ కంగారుపడవద్దు. మన ప్రాంతములో ఇంటింటికీ ఒక పెంచలయ్య ఉంటాడు. అయితే ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటేనే చిక్కు. పదో తరగతి పరీక్షలకు ముందు బడినుండి నామినల్ రోల్ వెళ్తుంది. దానిలో ఎక్కిన పేరు, పుట్టిన తేదీయే ధ్రువపత్రము మీద అచ్చవుతాయి. ఆ తరువాత దిద్దించుటకు తిరిగే తిరుగుడు ఎంతో కష్టము. తొమ్మిదో తరగతిలో ఉండగానే తండ్రియో తల్లియో వెళ్లి హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడిగితే చూపిస్తారు.

పేరు సంగతి తేలికే. దాని ప్రక్కన కులము, మతము అనే గడులున్నాయి. అక్కడ మన తల్లుల చేయి వణుకుతుంది.

ఒక విధవరాలు కుమారుని ఆరో తరగతిలో చేర్చుటకు ముందు రోజు సాయంకాలము మా ఇంటికి వచ్చినది. "అయ్యగారూ, పిల్లోడికి ఏమని రాయించమంటారు? క్రైస్తవుడని రాయిస్తే రేపు వాడికి ఉద్యోగం రాదంట. రాయించకపోతే దేవునికి కోపమొస్తుందా?" అని అడిగినది. ఆమె నవ్వుటకు అడగలేదు, వాదించుటకు అడగలేదు.

ఆమె భయము గాలికబురు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులకే షెడ్యూల్డు కులముల హోదా దక్కినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో బీసీ-సి అంటారు. ఎస్సీలకు 15 శాతము ఉండగా బీసీ-సి వారికి ఉన్నది 1 శాతము. 1977లో వచ్చిన 341వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వలన ఉపకార వేతనము, హాస్టలు వంటి సహాయములు మనవారికి కూడా వర్తించాయి. కాని ఉద్యోగము మాట వేరు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీలలో చేర్చమని తీర్మానము చేసినది. అయితే ఆ పట్టికను మార్చు అధికారము పార్లమెంటుది.

మేము ఆమెకు ఉన్నది ఉన్నట్లు చెప్పాము. బాప్తిస్మము పొంది ప్రతి ఆదివారము గుడికి వచ్చే బిడ్డ మొదటి పుటలోనే లేనిది వ్రాయించుకొని చదువు మొదలుపెట్టకూడదన్నాము. బీసీ-సి అని వ్రాయిస్తే వచ్చేవి ఏవి, పోయేవి ఏవి, రెండూ లెక్క చెప్పాము. పోయేది చిన్నదని మేము చెప్పలేదు. ఎందుకంటే పాలెములో ఆ ఇంటికి నీళ్లు పోసే తీరు, పిలిచే తీరు బాప్తిస్మముతో మారలేదు. రిజిస్టరులో గడి మాత్రమే మారినది. ఈ అన్యాయమునకు ఆ తల్లిని నిలదీయుట ప్రసంగ వేదిక మీద నిలబడిన మనకు తగదు. వేరుగా వ్రాయించిన తల్లిదండ్రులు మా సంఘములో ఉన్నారు. వారిని ప్రభువు బల్లకు దూరము పెట్టమని ఒక పెద్ద మాతో అన్నారు. మేము ఒప్పుకొనలేదు. ఆమె మాత్రము బీసీ-సి అనే వ్రాయించినది. ఆ అబ్బాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, లెక్కలలో చురుకు.

ఇక పుట్టిన తేదీ. దీనిని మనవారు అసలు పట్టించుకొనరు. "ఐదేళ్లు నిండినాయి, జూన్ నెల వేసుకోండి" అంటారు. అందుకే మన పల్లెలలో సగముమంది జూన్ నెలలో పుట్టినట్లుంటుంది! కాని ఆడబిడ్డకు ఆ తేదీ కోటగోడ వంటిది.

విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. అది ఆరేండ్లనుండి పద్నాలుగేండ్ల వరకు, అనగా ఎనిమిదో తరగతి వరకు బిడ్డ చేయి పట్టుకొంటుంది. తొమ్మిదిలో వదిలివేస్తుంది. సరిగా అప్పుడే కువైటునుండియో బెంగుళూరునుండియో పెండ్లి సంబంధములు వస్తాయి. హైస్కూలు మూడు నాలుగు మైళ్ల దూరములో ఉన్న పల్లెలలో, వానలు లేని సంవత్సరములో, ఆడపిల్లను మాన్పించుటకు ఇంకేమీ అక్కరలేదు.

కొన్నేండ్ల క్రిందట డిసెంబరులో ఒక తండ్రి పెండ్లి ప్రకటన చదవమని వచ్చాడు. క్రిస్మసు పనుల సందడిలో సంతకము పెట్టించుకొని పోదామనుకొన్నాడు. పిల్ల పదో తరగతి, మార్చిలో పరీక్షలు. "పద్దెనిమిది నిండినాయయ్యగారూ, మా అమ్మ లెక్క పెట్టింది" అన్నాడు. బడినుండి పుట్టిన తేదీ వ్రాయించుకొని రమ్మన్నాము. తెచ్చిన కాగితము ప్రకారము పదిహేను సంవత్సరముల ఏడు నెలలు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము అటువంటి పెండ్లి జరిపించినవారికి రెండేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి. ఆ సంగతి అతనికి చదివి వినిపించాము. "మీరు చేయకపోతే ఇంకో పాస్టరు చేస్తాడు" అన్నాడు. పోయి ఆ కాగితము ఆయనకు కూడా చూపించమన్నాము. మా ఇంటివారు ఆ తల్లిని లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఏమి మాట్లాడారో మాకు చెప్పలేదు.

అతడు నాలుగు ఆదివారములు గుడికి రాలేదు. పెండ్లివారు వేరే సంబంధము చూచుకొన్నారు. పిల్ల మార్చిలో పరీక్షలు వ్రాసినది. ఫలితములు వచ్చిన దినమున ఫోనులో మార్కులు చూపించుటకు ముందుగా వచ్చినది ఆ తండ్రియే. ఇంగ్లీషులో తక్కువ వచ్చినవని సణుగుచూ, ఆత్మకూరులో ఇంటరులో చేర్చుటకు ఏమేమి కాగితములు కావాలో వ్రాసి ఇమ్మన్నాడు.