చావి ఎవరి దగ్గర?

2025 ఆగస్టు 14. గోదావరిఖని చౌరస్తా దగ్గర హోటల్లో చాయ్ తాగుతున్నాం. పాకిస్తాన్ వజీరె ఆజమ్ షహబాజ్ షరీఫ్ ముందురోజు రాత్రే 'ఆర్మీ రాకెట్ ఫోర్స్ కమాండ్' పెడుతున్నామని ఎలాన్ చేశారు. పక్కనున్న దోస్త్ ఫోన్ చూస్తూ "మీవాళ్లు రాకెట్ ఫౌజ్ పెట్టుకున్నరట గదా భాయ్" అన్నాడు.

ఇరవై ఏళ్ల దోస్తీ. మజాక్‌గానే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ 'మీవాళ్లు' అన్న లఫ్జ్ ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

మావాళ్లంటే ఎవరు? మా అబ్బా సింగరేణి బాయిలో షాట్‌ఫైరర్. మా ముందుగదిలో అబ్బా ఫోటో పక్కన కలాం సాబ్ ఫోటో. 1983లో మొదలైన పృథ్వి, అగ్ని మిసైళ్ల ప్రోగ్రామ్‌ను హైదరాబాద్ డీఆర్‌డీఎల్ నుంచి నడిపించిన మనిషి. (ఆ ఫోటో సబూత్ కోసం పెట్టింది కాదు. అమ్మీకి ఆయన నమాజీ, వీణ వాయించే మనిషి, అంతే.)

సరే, అసలు సవాల్‌కి వస్తాను. చైనా 2015 ఆఖర్లో తన మిసైళ్ల దళాన్ని రాకెట్ ఫోర్స్ చేసి ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు బరాబర్ నిలబెట్టింది. మనకూ అలాంటిది కావాలన్న మాట 2021లో జనరల్ బిపిన్ రావత్ అన్నారు. మన బ్రహ్మోస్ మూడు ఫౌజుల దగ్గరా ఉంది. అణు మిసైళ్లు 2003లో పెట్టిన స్ట్రాటజిక్ ఫోర్సెస్ కమాండ్ చేతిలో ఉన్నాయి. మరి 150 నుంచి 500 కిలోమీటర్లు కొట్టే ప్రళయ్ లాంటివి ఎవరి హవాలాలో ఉండాలి? ఒక్కచోట ఉంటే ట్రైనింగ్, మరమ్మతు, హుకుం అన్నీ సాఫ్. నేను దానికి ఖిలాఫ్ కాదు.

నా ఫిక్ర్ వేరే. అబ్బా చెప్పేవారు: మందు ఒక డబ్బాలో, డిటొనేటర్లు ఇంకో డబ్బాలో పోవాలి, కలిపి మోయొద్దు. ఎక్స్‌ప్లోడర్ చావి షాట్‌ఫైరర్ జేబులోనే ఉండాలి. అందరూ దూరం పోయారని తన కళ్లతో చూసుకునేదాకా అది బయటికి రావొద్దు, పైవాడు ఎంత తొందరపెట్టినా సరే. రిటైరయ్యాక కూడా ఆ జేబు తడుముకునే ఆదత్ ఆయనకు పోలేదు.

చైనా రాకెట్ ఫోర్స్‌లో మామూలు మిసైళ్లూ అణు మిసైళ్లూ ఒకే దళంలో ఉన్నాయి. మిసైల్ లేచాక దాని ముక్కులో ఏముందో అవతలివాడికి తెలీదు. ఖౌఫ్‌లో ఉన్నవాడు చెడునే అనుకుంటాడు. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఆలోచించే టైం నిమిషాల్లోనే. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి గలతీగా లేచి, పాకిస్తాన్ పంజాబ్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. అల్లాహ్ కా షుక్ర్, ఎవరూ చనిపోలేదు. తర్వాత ముగ్గురు ఎయిర్‌ఫోర్స్ అఫ్సర్లను కొలువు నుంచి తీసేశారు.

అందుకే ఫోర్స్ పెడితే మామూలు మిసైళ్లకే పెట్టాలని నా రాయ్. అణ్వస్త్రాలు వేరే డబ్బాలో, వేరే చావితోనే ఉండాలి. ఆ సంగతి దునియాకు ఖుల్లంఖుల్లా చెప్పాలి కూడా.

మర్నాడు జెండా పండుగ. అదే హోటల్ ముందు, అదే దోస్త్, చేతిలో బూందీ పొట్లం. ఇదంతా చెప్పాను, అబ్బా జేబుతో సహా. వాళ్ల నాయన కూడా బాయి మనిషే. కాసేపు ఊరుకుని "అయితే మనోళ్లు పెడితే చావి ఎవరికిస్తరంటవ్ భాయ్?" అన్నాడు.

ఇంకో రెండు చాయ్ చెప్పాను.