రెండు రోజుల్లో చికాగో

వేసవి వచ్చిందంటే మన డిట్రాయిట్ ప్రాంతంలో సగం ఇళ్ళకు ఇండియానుంచి అమ్మానాన్నలు దిగుతారు. దిగిన మూడో వారానికల్లా వారిని ఎక్కడికైనా తిప్పాలన్న తాపత్రయం మనకు మొదలవుతుంది. నయాగరా ఎలాగూ అయిపోతుంది. తర్వాతి వంతు చికాగోది. పోయిన జూన్‌లో మేమూ వెళ్ళివచ్చాం. "నాలుగు ముక్కలు రాయండి, వెళ్ళేవారికి పనికొస్తుంది" అని మన సంపాదకులు అడిగారు. నిజానికి పనికొచ్చేవి మా పొరపాట్లే కనుక వాటినే ఎక్కువ రాస్తున్నాను.

నేను ఇంజనీర్ని. ఏ పనికైనా ముందు కాగితం మీద గళ్ళు గీయనిదే నాకు తోచదు. రెండు రోజులు, పదకొండు చోట్లు, ఒక్కొక్క చోటికి ఇన్ని నిమిషాలు అని లెక్క వేశాను. మా ఆవిడ చూసి, "ఇందులో మావయ్యగారు కాసేపు కూర్చోవడానికి గడి ఎక్కడుంది?" అంది. నేను నవ్వి ఊరుకొన్నాను.

నాన్నగారు కళ్ళజోడు సవరించుకొని కాగితం పైనుంచి కిందికి చదివారు. ఆయన సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పైగా పనిచేసిన మనిషి. టైంటేబులు చూడడం ఆయనకు కొత్త కాదు. "1893లో సర్వమత మహాసభ జరిగిన చోటు దారిలో పడుతుందా?" అని మాత్రం అడిగారు. మిషిగన్ ఎవెన్యూలో ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనమే అది. నా కాగితంలో అట్టడుగున, రెండోరోజు సాయంత్రం, పక్కన "వీలైతే" అని రాసి ఉంది. వేలు పెట్టి చూపించాను. తల ఊపి కాగితం తిరిగి ఇచ్చేశారు.

శని ఆదివారాల్లో హోటలు గదులు ప్రియమని మంగళ, బుధవారాలు ఎంచుకొన్నాను. ఈ తెలివి ఎంతదూరం తీసుకెళ్ళిందో తర్వాత చెబుతాను.

ఇక్కణ్ణుంచి చికాగోకు దాదాపు 280 మైళ్ళు. 94వ నెంబరు హైవే పట్టుకొని మిషిగన్ దాటి ఇండియానాలో ప్రవేశించగానే గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది. ఉదయం ఆరింటికి బయల్దేరి, దారిలో రెండుసార్లు ఆగి, మా ఆవిడ కట్టిన పులిహోర తిని కూడా అక్కడి టైము ప్రకారం పదిన్నరకల్లా చేరుకొన్నాం. ఊరికే వచ్చిన ఆ గంటను చూసి నేను మురిసిపోయాను. తిరుగు ప్రయాణంలో అది వడ్డీ లేకుండా వెనక్కి పోతుందని గుర్తుంచుకోండి. మరునాడు ఆఫీసుకు వెళ్ళాల్సినవారికి ఆ గంట బాగానే తెలుస్తుంది.

మొదట టవరు ఎక్కాం. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చినా మనవాళ్ళందరికీ అది సియర్స్ టవరే. 110 అంతస్తులు, 1,451 అడుగులు. 1973 నుంచి పాతికేళ్ళపాటు ప్రపంచంలో అంత ఎత్తైన భవనం మరొకటి లేదు. దాని నిర్మాణాన్ని రూపొందించిన ఇంజనీరు ఫజ్లూర్ రహమాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు. ఒకే పెద్ద చట్రం కాకుండా, తొమ్మిది నిలువు గొట్టాలను ఒక మోపుగా కట్టినట్టు కట్టాడు. పైకి వెళ్ళేకొద్దీ ఒక్కొక్క గొట్టం ఒక్కొక్క ఎత్తులో ఆగిపోతుంది. గాలిని ఆపేది ఆ మోపుకట్టే. ఇది నేను ఉత్సాహంగా వివరిస్తుంటే నాన్నగారు వింటున్నారుగానీ, మాటిమాటికీ ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకొంటున్నారు. క్యూలో యాభై నిమిషాలు నిలబడ్డాం మరి. 103వ అంతస్తులో గోడ బయటికి పొడుచుకొచ్చిన గాజు అరల్లో పిల్లలు గెంతారు. అమ్మ మాత్రం స్తంభం పట్టుకొని, "నేను ఇక్కణ్ణుంచే చూస్తాలేరా, కనబడుతూనే ఉంది" అంది.

చికాగోలో పెద్దవాళ్ళకు నా ఓటు పడవ ప్రయాణానికి. నగరం నడిబొడ్డున నదిమీద గంటన్నరసేపు తిప్పుతూ, ఒక్కొక్క భవనం కథా చెబుతారు. ఎక్కడం, దిగడం తప్ప నడక లేదు. 1871 అక్టోబరులో ఊళ్ళో చాలా భాగం తగలబడిపోయాకనే ఇక్కడి ఎత్తైన మేడల చరిత్ర మొదలైంది. అంతకంటే నాన్నగారికి నచ్చింది నది సంగతి. ఈ నది సహజంగా మిషిగన్ సరస్సులోకి పారేది. ఊళ్ళోని మురుగంతా దానితోపాటు సరస్సులో కలిసేది. తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. ఆ బాధ పడలేక 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900లో నదినే వెనక్కి పారేటట్టు చేశారు. "నదికే రిటర్న్ టిక్కెట్టు కొట్టారన్నమాట" అన్నారు నాన్నగారు. ఆ రోజంతటికీ ఆయన నవ్విన చోటు అదే.

సాయంత్రం ప్లానెటేరియం దగ్గర సరస్సు గట్టున కూర్చున్నాం. అక్కణ్ణుంచి ఊరంతా నీళ్ళమీద తేలుతున్నట్టు కనిపిస్తుంది, దమ్మిడీ ఖర్చు లేదు. అమ్మ వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకొని, "ఇంత సముద్రానికి ఉప్పే లేదేమిట్రా!" అని ఆశ్చర్యపోయింది. రాత్రి భోజనానికి డెవాన్ ఎవెన్యూకు వెళ్ళాం. మన దుకాణాల వీధి అది, కొంత భాగానికి గాంధీ మార్గ్ అని పేరు కూడా పెట్టారు. దోసెలు బాగున్నాయి. అక్కడికి చేరడానికే గంటకు పైన పట్టింది. ఆకలితో ఉన్న పిల్లలతో సాయంత్రం ట్రాఫిక్కులో ఆ సాహసం చేయకండి.

రెండోరోజు సైన్సు మ్యూజియం. మ్యాపులో పక్కనే ఉన్నట్టుంటుందిగానీ, నడిబొడ్డు నుంచి దక్షిణంగా ఏడు మైళ్ళు. 1893 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన భవనమే అది. 1944లో పట్టుబడ్డ జర్మన్ జలాంతర్గామి లోపల ఉంది. పిల్లలను అక్కణ్ణుంచి కదిలించడం నావల్ల కాలేదు. నాన్నగారు ఒక బెంచీ మీద మూడు గంటలు కూర్చుని, ఒక్కసారి మాత్రం టైమెంతయిందని అడిగారు.

నాలుగున్నరకు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ముందు అందరినీ దింపి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుని నడిచి వచ్చాను. మెట్లకు అటూ ఇటూ కంచు సింహాలు. వాటి మధ్య అమ్మ, మా ఆవిడ నిలబడి ఉన్నారు. మా పెద్దాడు ఎదురొచ్చి, "నాన్నా, క్లోజ్డ్" అన్నాడు. మంగళ, బుధవారాలు సెలవు. అంటే సరిగ్గా మేము ఊళ్ళో ఉన్న రెండు రోజులే. హోటలు అద్దెలు వారం రోజులు చూసినవాణ్ణి ఈ ఒక్క సంగతీ చూసుకోలేదు.

నాన్నగారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఏమనాలో తోచక పక్కన కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు. ఆయన చదివింది సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ హైస్కూల్లో. అమెరికాకు ఓడ ఎక్కకముందు, 1893 ఫిబ్రవరి 13న, వివేకానందుడు ఆ మహబూబ్ కాలేజీలోనే, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్ళదలచుకొన్నాడో ఇంగ్లీషులో ఉపన్యసించాడు. "మా మేష్టారు ఏటా ఆ రోజున చెప్పేవారు. ఇక్కడ మాట్లాడి అక్కడికి వెళ్ళాడురా అని. ఆ 'అక్కడ' ఎలా ఉంటుందో చూద్దామని" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

నాకు నోట మాట రాలేదు. ఆయన నా మోకాలు తట్టి, "పోనీలే. ఆయన కూడా తేదీ చూసుకోకుండానే వచ్చాడు" అన్నారు. నిజమే. వివేకానందుడు జులై ఆఖరుకే చికాగో చేరాడు. సభ సెప్టెంబరు 11న అని, పరిచయపత్రం లేనిదే ప్రతినిధిగా చేర్చుకోరని వచ్చాకగానీ తెలియలేదు. ఇక్కడి ఖర్చు భరించలేక బోస్టన్ వైపు వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు చిరునామా కాగితం పోగొట్టుకొని, రైల్వే గూడ్సు యార్డులో రాత్రి గడిపాడని జీవితచరిత్రల్లో ఉంది. "ఖాళీ పెట్టెలో పడుకొన్నాడు. మనకు హోటలైనా ఉంది" అని నాన్నగారు మెల్లగా లేచారు. వీధి మొగలో స్వామి వివేకానంద వే అన్న పేరు పలక ఉంది. దాని కింద ఆయన్ను నిలబెట్టి ఫోటో తీశాను. ఎండ కళ్ళల్లో పడి కళ్ళు మూసుకొన్నారు.

వెళ్ళేవారికి నేను చెప్పేది ఇంతే. గురువారం నుంచి సోమవారం లోపల చూసుకోండి, అయినా బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. రోజుకు రెండు చోట్లు చాలు. ఎత్తుగా వంతెనల మీద నడిచే ఎల్ రైళ్ళ స్టేషన్లన్నిటికీ లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే ముందే కనుక్కోండి. గళ్ళు గీసే ముందు కాగితం పెద్దవాళ్ళకే ఇచ్చి, మొదటి గడి వారిచేత రాయించండి.

నాన్నగారు సెప్టెంబరులో సికింద్రాబాద్ వెళ్ళిపోయారు. సభ జరిగిన తాత్కాలిక హాలు తర్వాత తీసివేశారట. ఆ స్థలంలో 1898లో కట్టిన ఫుల్లర్టన్ హాలు ఉందంటారు. మీలో ఎవరైనా ఈ వేసవిలో వెళితే, ఆ హాల్లో కాసేపు కూర్చోనిస్తారో లేదో కనుక్కొని దయచేసి నాకు చెప్పండి. ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతున్నారు.