డైనోసార్ల కేసులో గౌరీపట్నం సాక్షి

గౌరీపట్నం వెళ్లేవాళ్లు మామూలుగా రెండు రకాలు. నిర్మలగిరి మేరీమాత దర్శనానికి వెళ్లేవాళ్లు, కంకర కోసం వెళ్లేవాళ్లు. మూడో రకం కూడా ఉందని చాలామందికి తెలీదు. సుత్తి, శాంపిల్ కవర్లు పట్టుకుని ప్రపంచం అవతలి వైపు నుంచి ఈ క్వారీలకి వచ్చేవాళ్లు. వాళ్లలో అందరికంటే మొండి మనిషి గెర్టా కెల్లర్. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. డైనోసార్లని చంపింది ఆకాశం నుంచి పడ్డ గ్రహశకలం కాదు, మన దక్కన్ లావా అని ఏళ్ల తరబడి వాదించిన ఆవిడ. ఆ వాదనకి పనికొచ్చిన పెద్ద సాక్ష్యాల్లో ఒకటి మా గోదావరి జిల్లాలో, టిప్పర్ల దుమ్ములో ఉంది.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చి, ఒక పొద్దున బైక్ మీద అటు బయల్దేరాను. నిజానికి కథ ఊరు దాటకముందే మొదలవుతుంది. నాలుగో బ్రిడ్జి ఎక్కే చోట ఉన్న కాతేరులోనే ఈ నల్లరాయి, దాని మధ్య గవ్వల పొర జియాలజీ పుస్తకాలకెక్కాయి. గోదావరి దాటి, కొవ్వూరు వదిలాక పంగిడి వస్తుంది. బెంజా అనే డాక్టరు 1835లో ఉత్తర సర్కార్ల మీదుగా ప్రయాణం చేస్తూ, ఈ పంగిడి కొండల్లో లావా రాయి మధ్య గవ్వలు చూసి రాసిపెట్టాడు. అంటే ఈ రాళ్ల మీద కాగితం ఖరాబు చేయడం మొదలై దాదాపు రెండు వందల ఏళ్లు. మనం మాత్రం ఇంకా శ్లాబుకి ఎన్ని యూనిట్లు కావాలన్న దగ్గరే ఉన్నాం.

గౌరీపట్నంలో మేనేజరు గారిని అడిగి ఒక క్వారీ అంచుదాకా వెళ్లాను. కిందకి చూస్తే నిలువుగా కోసిన గోడ. అడుగున నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో లేత రంగు చార. కేక్ ముక్క కోసినట్టు స్పష్టంగా ఉంది. అక్కడ పనిచేసే ఒకాయన్ని ఆ చార గురించి అడిగితే, "అదా అండీ, సుద్దండి. మెటల్‌కి పనికిరాదు. పక్కన పడేస్తాం" అన్నాడు.

కెల్లర్ వచ్చింది ఆ పక్కన పడేసేదాని కోసమే.

ముందు నల్లరాయి సంగతి చెప్పాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో భూమి చీలి, లావా విడతలు విడతలుగా పొంగింది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర అది మిగిలే ఉంది. మహాబలేశ్వరం కొండలు అదే, మన వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరాయీ అదే. ఆ ప్రధాన భాగం ఆగిపోయాక సుమారు 400 కిలోమీటర్లు ఏమీ లేకుండా, మళ్లీ రాజమండ్రి దగ్గర ఇలా తేలుతుంది. ఇక్కడే వేరేగా అగ్నిపర్వతం ఉండేదా అని చాలాకాలం అనుమానం. రాయిలోని రసాయనాలు పోల్చి చూస్తే పశ్చిమ కనుమల లావాతో సరిపోయాయి. నది లోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి, అప్పటి సముద్రం ఒడ్డుకి వచ్చి చేరిందన్నమాట. పైన పెంకు కట్టుకుంటే లోపలి లావా వేడి పోదు, ఫ్లాస్కులో టీ లాగా. అందుకే అంత దూరం రాగలిగింది. భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

అడుగు లావా వచ్చి చల్లారింది. సముద్రం మళ్లీ ముందుకొచ్చి దాని మీద బురద, గవ్వలు పరిచింది. తర్వాత ఇంకో లావా వచ్చి ఆ బురదని మూసేసింది. మధ్యలో చిక్కుకున్న ఆ బురదే లేతరంగు చార. దాని వయసు తేలిస్తే కింది లావా ఎప్పటికి ఆగిందో తెలిసిపోతుంది.

ఇక ఈ పని చేసిన మనిషి దగ్గరికొద్దాం. కెల్లర్ 1945లో లీక్టెన్‌స్టైన్‌లో పుట్టారు. పన్నెండుమంది పిల్లలున్న రైతు కుటుంబం, పెరిగింది స్విట్జర్లాండ్‌లో. డాక్టరవ్వాలని కోరిక. పేదింటి ఆడపిల్లకి అంత చదువెందుకన్నారు. పద్నాలుగేళ్లకి కుట్టుపని నేర్చుకోవడానికి చేర్చారు. కొన్నాళ్లు బట్టలు కుట్టి, ఆ డబ్బులతో దేశాలు తిరగడం మొదలుపెట్టారు. ఇరవైల మొదట్లో సిడ్నీలో, బ్యాంకు దోచుకుని పారిపోతున్న దొంగ కాల్చిన తూటా ఆవిడకి తగిలింది. బతకడం కష్టమన్నారు. బతికారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఆలస్యంగా కాలేజీలో అడుగుపెట్టి, 1978లో స్టాన్‌ఫర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. 1984లో ప్రిన్స్‌టన్‌లో చేరారు. ఇంటర్‌లో ర్యాంకు తగ్గితే జీవితం అయిపోయిందని ఫీలయ్యే మన బ్యాచ్‌కి ఈ టైమ్‌లైన్ ఒకసారి చూపించాలి.

ఆవిడ ప్రత్యేకత ఫొరామినిఫెరా. సముద్రంలో బతికే ఏకకణ జీవులు, ఇసుక రేణువు కంటే చిన్న గుల్లలు కట్టుకుంటాయి. చచ్చాక గుల్లలు అడుక్కి చేరి, పొరలు పొరలుగా మిగిలిపోతాయి. ఏ జాతి ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో తెలుసు కాబట్టి ఏ జాతులు కనిపించాయన్నదాన్ని బట్టి పొర వయసు చెప్పొచ్చు. సర్వర్ పడిపోతే మేం లాగ్స్ తెరిచి టైమ్‌స్టాంపులు చూసుకున్నట్టు, వీళ్లు ఈ గుల్లలు లెక్కపెడతారు. తేడా ఏంటంటే మాకు మిల్లీసెకన్లు, వాళ్లకి వేల ఏళ్లు.

1980లో నోబెల్ గ్రహీత లూయిస్ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి గ్రహశకలం సిద్ధాంతం ప్రకటించారు. 1991లో మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర సుమారు 180 కిలోమీటర్ల గొయ్యిని దానికి ముడిపెట్టాక, కేసు మూసేసినట్టే అనుకున్నారంతా. కెల్లర్ ఒప్పుకోలేదు. తను లెక్కపెట్టిన గుల్లల్లో జీవులు ఒక్క రోజులో కాదు, అంతకుముందు నుంచే తగ్గుతూ వచ్చాయన్నారు. 2004లో ఇంకో అడుగు ముందుకేసి, చిక్సులూబ్ దెబ్బ విలయానికి 3 లక్షల ఏళ్ల ముందే పడిందని పేపర్ రాశారు. గొడవ మామూలుగా జరగలేదు. సభల్లో ఎగతాళి, పరస్పరం నిందలు. ఆవిడా తక్కువ తినలేదు, మాటకి మాట అప్పజెప్పారు.

సరిగ్గా అలాంటి సమయంలో రాజమండ్రి క్వారీలు ఆవిడ చేతికొచ్చాయి. మిగతా దక్కన్‌లో లావా మధ్య దొరికే పొరలు ఎక్కువగా చెరువులవీ, నేలవీ. వాటిలో సముద్రపు గుల్లలు అరుదు. ఇక్కడ లావా సముద్రం ఒడ్డుకి వచ్చింది కాబట్టి, లావా, గుల్లల క్యాలెండర్ ఒకేచోట కలిశాయి. స్విట్జర్లాండ్ నుంచి తియెరీ అదాత్, మన దేశం నుంచి సునీల్ బాజ్‌పాయ్ వంటివాళ్లతో కలిసి 2008లో ఆవిడ ఫలితాలు ప్రచురించారు. ఆ చారలో దొరికినవి విలయం అయిన వెంటనే పుట్టిన బుల్లి జాతులు. అంటే అడుగు లావా ఆగడం, డైనోసార్ల యుగం ముగియడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. అప్పటిదాకా దక్కన్ లావా మీద ఇంత దగ్గరగా తేదీ వేసినవాళ్లు లేరు.

మరి లావా వస్తుండగా ఏం జరిగింది? దానికి క్వారీ లోతు చాలదు. ఓఎన్‌జీసీ చమురు కోసం కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్విన బావుల నమూనాలు అక్కడ అక్కరకొచ్చాయి. పాలకొల్లు, నరసాపురం వైపు నేల అడుగున కిలోమీటర్ల లోతులో ఇదే లావా నాలుగు పెద్ద ప్రవాహాలుగా ఉంది. 2011 నాటి ఆవిడ బృందం లెక్క ప్రకారం, మొదటి ప్రవాహం రాకముందే సగం జాతులు పోయాయి. మొదటిది వచ్చాక మిగిలినవాటిలో సగం పోయి ఏడెనిమిది జాతులే మిగిలాయి. నాలుగోది ముగిసేసరికి అంతా అయిపోయింది.

కంకర కోసం, చమురు కోసం తవ్వకపోతే ఈ రెండు సాక్ష్యాలూ భూమిలోనే ఉండిపోయేవి. ఈ క్వారీల్ని తిట్టుకుంటూ వెళ్లిన నాకు ఇది కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. చూపించిన గునపమే చెరిపేస్తుంది కూడా. గోడ వెనక్కి జరిగేకొద్దీ చార కంకర పక్కన గుట్టగా పడుతుంది, పని ఆగిన గోతుల్లో నీళ్లు నిండిపోతాయి. ఇంకొన్నేళ్ల తర్వాత ఎవరైనా కెల్లర్ లెక్క సరి చూసుకోవాలంటే అదే గోడ ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఒక్క గోడ కొన్ని మీటర్లు వదిలేస్తే క్వారీ వ్యాపారానికి వచ్చే నష్టం పెద్దదేం కాదని నా ఉద్దేశం.

ఇంతకీ కేసు ఏమైంది? 2010లో 41 మంది శాస్త్రవేత్తలు కలిసి సైన్స్ పత్రికలో గ్రహశకలమే కారణమని తేల్చారు. ఇప్పటికీ మెజారిటీ అటే. చిక్సులూబ్ 3 లక్షల ఏళ్ల ముందు పడిందన్న ఆవిడ లెక్కని చాలామంది ఒప్పుకోలేదు. నాకూ ఆ భాగం బలహీనంగానే అనిపిస్తుంది. కానీ దక్కన్ లావాని ఇక ఎవరూ పక్కన పెట్టలేకపోతున్నారు. పెద్ద విడత విలయానికి సుమారు రెండున్నర లక్షల ఏళ్ల ముందు మొదలైందని కొత్త కొలతలు వచ్చాయి, ఆ పేపర్లో కెల్లర్ పేరూ ఉంది. 2019లో ఒకే పత్రిక సంచికలో రెండు బృందాలు, ఒకటి పెద్ద లావా విడత విలయానికి కాస్త ముందే అని, రెండోది ఎక్కువ లావా ఆ తర్వాతే అని రాశాయి. వాదన నడుస్తూనే ఉంది.

వెళ్లాలనుకుంటే రాజమండ్రి నుంచి బైక్ మీద గంటలోపే చేరొచ్చు. టిప్పర్ల మధ్య నడపాలి, హెల్మెట్, మాస్క్ తప్పనిసరి. ఆఫీసులో అడక్కుండా లోపలికి వెళ్లొద్దు, బ్లాస్టింగ్ ఎప్పుడో ముందే కనుక్కోండి, నీళ్లు చేరిన పాత గోతుల్లోకి దిగొద్దు. గుల్లలు కంటికి కనపడవు, వాటికి మైక్రోస్కోపు కావాలి. పక్కన పడేసిన తెల్ల పెళ్లల్లో మాత్రం కాసేపు వెతికితే గవ్వలు దొరకొచ్చు.