కాకా బొమ్మల పెట్టె

ఇక్కడ రాయక చానా రోజులైంది. ఈసారి నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించీ కాదు. బొమ్మల గురించి. నవ్వాలనుకుంటే పూర్తిగా చదివినంక నవ్వండి.

మేం ముగ్గురం. ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లె. దేవరకొండ వైపు తండా మాది. చదువులు, కోచింగుల పేరుతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నం. ముగ్గురి తరఫునా "మేము" అని రాస్తున్నం. ఏ మాట ఎవరన్నరో ప్రతిచోటా చెప్పం. కొన్ని మాటలు గుర్తొస్తే ఇప్పుడు మాకే సిగ్గేస్తది.

మా కాకా దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బండి పెట్టి ప్లాస్టిక్ బొమ్మలు అమ్మేటోడు. బేగంబజార్‌ల హోల్‌సేల్‌కు తెచ్చుడు, ఇక్కడ చిల్లరకు అమ్ముడు. మెట్రో పిల్లర్లు లేస్తున్నప్పుడు బండి ఇటు జరిపి, అటు జరిపి, చివరికి ఒక సందు మొదట్ల నిలబడ్డడు. ఉండేది ఎల్బీనగర్‌ల ఒక్క గది. మేం ఆశ్రమ పాఠశాల సెలవుల్లో వచ్చినప్పుడు ఆ గదిలోనే దిగేటోళ్లం. మంచం కింద రెండు రేకు పెట్టెలు, గోడకు ఒక చెక్క అల్మార. వాటి నిండా బొమ్మలు. అమ్మే బొమ్మలు కావు, ఆయన దాచుకున్నవి. ఇల్లు ఖాళీ చేసి పోయేటోళ్లు పడేసినవి, పాత సామాన్ల దుకాణంల కిలో లెక్కన తూకమేస్తుంటే ఏరుకున్నవి, హోల్‌సేలోళ్లు చెయ్యి విరిగిందని పక్కన పెట్టినవి.

మొన్న వానాకాలంల కాకా పోయిండు. పిల్లల్లేరు. కాకి తండాకు పోతానన్నది. ఇంటి ఓనరు నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నడు. దవాఖాన కోసం తెచ్చిన అప్పు 40,500 మిగిలింది. అట్ల ఆ పెట్టెలు మా ముందటికి వచ్చినయి.

లెక్కపెడితే 143. అందులో 41 జీ.ఐ. జో సిపాయిలు, 19 మంది డబ్ల్యూడబ్ల్యూఈ పహిల్వాన్లు, ఏడుగురు హీ-మ్యాన్ జాతి వాళ్లు. మిగతావి స్పైడర్‌మ్యాన్లు, బ్యాట్‌మ్యాన్లు, పేరు తెలియని డూప్లికేట్లు, ఒక ఛోటా భీమ్ గుంపు. ఛోటా భీమ్ మన హైదరాబాద్ కంపెనీ గ్రీన్ గోల్డ్ తయారీ, 2008 నుంచి టీవీల ఉన్నడు. ఆ డబ్బా తెరిచినప్పుడు మాలో ఒకరం అన్నం: జోడేఘాట్‌ల 1940ల చచ్చిపోయిన భీమ్‌కు విగ్రహాలున్నయి, మ్యూజియం ఉంది, 2022ల సినిమా కూడా వచ్చింది, మరి పిల్లగాడు జేబుల పెట్టుకునే బొమ్మ ఏది? కాకా బండి మీద మాత్రం మేమెన్నడూ చూడలే.

ముందు ఈ సిపాయిల సంగతి చెప్పాలె. జీ.ఐ. జోను అమెరికాల హాస్‌బ్రో కంపెనీ 1964ల తెచ్చింది. మొగపిల్లలు "డాల్" కొనరని వాళ్లు కొత్త పేరు కనిపెట్టిన్రు, యాక్షన్ ఫిగర్ అని. మన భాషల ఆ తిప్పలు లేవు. ఆడపిల్ల చేతిలో ఉన్నా బొమ్మే, మొగపిల్లగాడి చేతిలో ఉన్నా బొమ్మే, సినిమా కూడా బొమ్మే. 1982 నుంచి అరచేతిలో పట్టే చిన్న సైజువి వచ్చినయి. మన దేశంల వాటిని చేసింది ఫన్‌స్కూల్, టైర్ల ఎంఆర్ఎఫ్ వాళ్లు 1987ల హాస్‌బ్రోతో కలిసి పెట్టిన కంపెనీ. అచ్చులు అమెరికావే, రంగులు మాత్రం కొన్నిటికి ఇక్కడివి. వాటిని ఏరి కొనేటోళ్లు వేరే దేశాల్లో కూడా ఉన్నరని మాకు ఈ గొడవలోనే తెలిసింది.

ఈ సిపాయిని నడుము కాడ పట్టి ఉంచేది ఒక చిన్న నల్ల రబ్బరు రింగు. ఏండ్లు గడిస్తే ఎండి పుటుక్కున తెగుతది. సిపాయి రెండు ముక్కలైతడు. జనం విరిగిందని పారేస్తరు. కాకా పారెయ్యనిచ్చేటోడు కాదు. వీపు మీది స్క్రూ విప్పితే ఛాతీ రెండు చిప్పలుగ విడిపోతది. పాత రింగు తీసి, బోరుమోటర్ల దుకాణంల దొరికే అదే సైజు రింగు వేసి, కాళ్ల కొక్కేనికి తగిలించి, మళ్ల స్క్రూ బిగించేటోడు. ఐదో తరగతి దాటని మనిషి. అమెరికా సిపాయి కడుపుల ఏముంటదో ఆయనకు తెలుసు.

పేర్లు మాత్రం ఆయన సొంతం. నల్ల బట్టలేసుకుని మొహం మొత్తం మూసుకున్న ఒకణ్ణి "మూగోడు" అనేటోడు. వాడు స్నేక్ ఐస్, కథలో కూడా మాట్లాడడని తర్వాత తెలిసి మేం ముగ్గురం చానాసేపు నవ్వినం.

ఏం చెయ్యాలె అనే మాట వచ్చినప్పుడు నవ్వు పోయింది. ఒకరం అన్నీ అమ్ముదాం అన్నం. ఒకరం ఒక్కటీ అమ్మొద్దు అన్నం. మూడో మాట తండా నుంచి ఫోన్ల వచ్చింది. పెద్దమనిషి ఒకాయన, మంచోడే, "మొగపిల్లలిద్దరు పంచుకోండ్రి, ఆడపిల్లకు ఇవెందుకు, రేపు ఇంకో ఇంటికి పొయ్యేదే గదా" అన్నడు. ఫోన్ స్పీకర్‌ల ఉంది. చెల్లె అక్కడే కూసుని బొమ్మలు తుడుస్తున్నది. మేమిద్దరం ఏమీ అనలేదు. సరే తాతా అని ఫోన్ పెట్టేసినం. ఆ "సరే" గురించే ఇంత రాస్తున్నం.

చెల్లె బట్ట కింద పెట్టి అడిగింది, "ఇదే భూమి అయితే?" అని.

మేం ముగ్గురం గ్రూప్స్‌కు చదువుతున్నోళ్లమే. ఆన్సర్ ముగ్గురికీ తెలుసు. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 2(2): కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. 2005 సవరణల బిడ్డకు కొడుకుతో సమాన వాటా అన్నరు గదా, అది మన ఆడపిల్లలకు దానంతట అది రాదు. మనకు ఆచారమే దిక్కు. ఆచారం ఏందంటే ఫోన్ల తాత చెప్పింది. 2025 జూలై 17న సుప్రీంకోర్టు ఒక గోండు ఆడమనిషి వారసుల కేసుల తీర్పిచ్చింది. వాటా ఇయ్యొద్దనే ఆచారం ఉన్నదని రుజువు కానప్పుడు ఆడమనిషికి సమాన వాటా కాదనడం ఆర్టికల్ 14కు విరుద్ధం అన్నది. ఈ తీర్పు మీద మేం నోట్స్ రాసుకున్నం. రెండు రంగుల పెన్నులతో. కానీ ఫోన్ల ఒక్క మాట అడిగితే సరే తాతా అన్నం.

ఆ రాత్రి ఎవరం సరిగ్గ తినలే. తెల్లారి మేమే ఫోన్ చేసి చెప్పినం, ముగ్గురికీ సమానం అని. తాత కోప్పడలేదు. "బొమ్మలకాడ ఇంత లొల్లా" అన్నడు. బొమ్మలకాడనే ఇంత కష్టమైతే ఎకరం కాడ ఎట్లుంటదో అనుకున్నం గానీ ఆయనతోని అనలేదు.

తర్వాత కొండాపూర్ నుంచి ఒకాయన వచ్చిండు, ఇట్లాంటివి కొనేటాయన. మెట్రోల ఎల్బీనగర్ దాకా వచ్చి, మా గది నేల మీద కూసుని, రెండు గంటలు చూసిండు. మర్యాదస్తుడు. ప్రతి బొమ్మను వేలితో కాదు, అరచేతిలో పెట్టుకుని చూసిండు. ప్యాకెట్ వెనక అట్ట మీద సిపాయి వివరం అచ్చేసి ఉంటదట, అది ఉంటే రేటే వేరట. కాకా ఆ అట్టలతోని దోమలు కొట్టుకున్నడు. కొన్ని బొమ్మలు జిగటగా అయినయి, మెత్తటి ప్లాస్టిక్‌ల కలిపే నూనె లాంటి మందు బయటికి వస్తే అట్లయితదని చెప్పిండు. ఎండ తగలని చోట పెట్టమన్నడు. రేకు పెట్టెల, ఎల్బీనగర్ ఎండాకాలంల!

31 ఏరి 16,500 ఇస్తనన్నడు. మూగోణ్ణి కూడా ఏరిండు. తర్వాత వాణ్ణి తిప్పి చూసి పక్కన పెట్టిండు. వాడి వీపుకు ఎర్ర గుడ్డ మీద నాలుగు అద్దం ముక్కలు కుట్టి ఉన్నయి. స్క్రూ పోతే ఛాతీ విడిపోతున్నదని కాకి తన పాత కాంచళి అంచు కత్తిరించి చుట్టూ కుట్టేసింది. "ఇది మార్చేసిన పీస్, నాకు పనికిరాదండి" అన్నడు ఆయన. ఆయన తప్పేం లేదు, ఆయన లెక్క అది. మాకు మాత్రం ఊపిరి వచ్చినట్టయింది. ముందే వాణ్ణి పక్కకు తీసిపెట్టే తెలివి మా ముగ్గురిల ఎవరికీ లేకపోయె.

16,500 అప్పుకు పోయినంక 24,000 మిగిలింది. మేమిద్దరం డెలివరీ చేసి కడతమనుకున్నం. చెల్లె ఒప్పుకోలే. "వాటా అడిగిన, అప్పులో కూడా వాటా" అన్నది. తలా ఎనిమిది వేలు. ఆమె టెస్ట్ సిరీస్‌కు, రీడింగ్ రూంకు దాచిపెట్టుకున్న పైసలు అవి. వద్దంటే కొట్టేటట్టు చూసింది. ఇప్పుడు పొద్దున ఐదింటికి లేచి గది మెట్ల మీద లైటు కింద చదువుతున్నది. అది మాకు మంచిగనిపిస్తలేదు. ఏం చెయ్యాలో ఇంకా తెలుస్తలేదు కూడా.

మిగిలిన 112ల తలా మూడు చొప్పున తొమ్మిది ఉంచుకున్నం. 103 తండా బడికి. అంగన్‌వాడీకి అనుకున్నం గానీ చిన్న తుపాకులు, కత్తులు నోట్ల పెట్టుకుంటరని భయమైంది. అవన్నీ ఊడదీసి డబ్బాల పోస్తే దోసెడు అయినయి. ఎల్బీనగర్‌ల దేవరకొండ బస్సెక్కితే కండక్టర్ కార్టన్లు చూసి ఏం సామాన్లన్నడు. బొమ్మలంటే నమ్మలే, మూత తెరిపించిండు. మాల్ దాటేదాకా ఒక పహిల్వాన్‌ను డ్రైవర్ ముందట అద్దం కాడ నిలబెట్టి, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని ఇచ్చిండు.

వారం తిరగకముందే నడుము తెగిన సిపాయిలు పదకొండు మంది. పంతులు ఫోన్ చేసిండు, మీ బొమ్మలు నాసిరకం అని. వచ్చే ఆదివారం స్క్రూడ్రైవర్, రింగుల పొట్లం తీసుకుని చెల్లె పోతున్నది. బోరుమోటర్ల దుకాణమాయన సైజు అడగలే. కాకా పేరు చెప్పంగనే తీసి ఇచ్చిండు.

మూగోడు కాకి కాడ ఉన్నడు. మా వాటాల వచ్చిండని మేం తెచ్చుకుంటుంటే, "వాడు నీకెందుకు, ఆ గుడ్డ నాది" అని గుంజుకున్నది.